మోకాలు మనది, కొలబద్ద ఎవరిది?

యంత్రము వైద్యుని స్థానమును ఆక్రమించునా అను ప్రశ్న వైద్యసభలలోనే గాక, కుమారునో కుమార్తెనో రేడియాలజీ పీజీలో చేర్పింపవలెనా వద్దా యని తర్కించుకొను తల్లిదండ్రుల యిండ్లలో గూడ ఇప్పుడు తరచుగ వినవచ్చుచున్నది. 2016లో టొరంటో నగరమున జరిగిన యొక సదస్సులో కృత్రిమ మేధ శాస్త్రజ్ఞుడైన జెఫ్రీ హింటన్, రేడియాలజిస్టులకు శిక్షణ నిచ్చుట తక్షణమే మానివేయవలెననియు, ఐదేండ్లలో డీప్ లెర్నింగ్ అను కంప్యూటరు విద్య వారిని మించిపోవుననియు పలికినది మొదలు ఈ ప్రశ్నకు బలము హెచ్చినది. ఆయనకు 2024లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది గాని ఆయన జోస్యము ఫలింపలేదు. పెట్టిన గడువు ఎన్నడో తీరిపోయినను, స్కాను చిత్రములు చదువగల వైద్యులకు అమెరికాలోను బ్రిటనులోను నేటికిని కొఱతయే యున్నది. ఇట్టి జోస్యముల సత్యాసత్యములను తేల్చుటలో మనకు ఒరుగునది స్వల్పము. మన ఆసుపత్రుల ద్వారములకు వచ్చి నిలిచిన యీ యంత్రములకు ఏ దేశపు శరీరములను చూపి, ఎవరి తీర్పును సత్యమని చెప్పి చదువు నేర్పిరి, ఆ చదువు నల్లగొండ రోగికి ఎంతవరకు చెల్లును అను విచారణ మాత్రము, వానిని కొనుటకు పూర్వమే జరుగవలసినది. అది జరుగుట లేదు.

ఈ విద్య యొక్క మూలస్వరూపము గ్రహించుట కష్టము గాదు. 1895లో రాంట్‌గెన్ ఎక్స్‌రే కనుగొన్ననాటి నుండి సీటీ, ఎమ్మారై, అల్ట్రాసౌండుల వరకు శరీరాంతర్భాగములను చూపు సాధనములు పెరిగినకొలది, చిత్రము తీయుట సులభమై దానిని చదువుటయే భారమైనది. మెషీన్ లెర్నింగ్ అనబడు పద్ధతియందు, ఇది రోగము, ఇది ఆరోగ్యము అని ముందుగనే పేరు తగిలించిన వేలకొలది చిత్రములను కంప్యూటరునకు చూపగా, ఆ రెంటిని వేరుపరచు గుణములను అది తనంతట తానే వెదకి పట్టుకొనును. పేరు తగిలించినవాడు పొరబడెనేని ఆ పొరపాటే దానికి వేదవాక్యమగును. 2017లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు 30,805 మంది రోగులకు చెందిన 1,12,120 ఛాతీ ఎక్స్‌రేలను లోకమునకు విడుదల చేసినవి. అంతటి భాండారమును వైద్యులు ఒక్కొక్కటిగ చూచి పేరు పెట్టుట దుస్సాధ్యము గనుక, పాత రిపోర్టులలోని వాక్యములనుండి వ్యాధినామములను మఱియొక ప్రోగ్రామే యేరి తగిలించినది. ఆ భాండారముతో చదువుకొన్న యంత్రము న్యుమోనియాను రేడియాలజిస్టులకంటె మిన్నగ గుర్తించుచున్నదని ఆ యేడే స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఊపిరితిత్తి చుట్టును గాలి చేరి అది ముడుచుకొనిపోవు న్యుమోథొరాక్స్ అను వ్యాధిలో, ఛాతీలోనికి గొట్టము దించి గాలి తీయుదురు. ఆ వ్యాధి పేరు తగిలిన చిత్రములలో అనేకములు గొట్టము వేసిన పిమ్మట తీసినవేయని, లారెన్ ఓక్డెన్-రేనర్ అను ఆస్ట్రేలియా రేడియాలజిస్టు ఆ చిత్రములను స్వయముగ తిరుగవేసి చూచి బయటపెట్టెను. యంత్రము గొట్టమును గుర్తుపట్టి రోగమని చెప్పినను దానికి మార్కులు పడును. చికిత్స పొందియున్నవానిని రోగియని చెప్పుటవలన ఎవరికి మేలు? గొట్టము వేయవలసియు ఇంకను వేయనివానినే గదా పట్టుకొనవలసినది.

ఇది ఒక్క వ్యాధికి పరిమితమైన దోషము గాదు. న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి చిత్రములతోను, మఱి రెండు సంస్థల చిత్రములతోను 2018లో జరిపిన పరిశీలనమున, యంత్రము న్యుమోనియా చిహ్నములకంటె ముందుగ ఆ చిత్రము ఏ ఆసుపత్రిలో తీసినదో గుర్తింపగలుగుచున్నదనియు, ఏ ఆసుపత్రిలో రోగము హెచ్చో ఆ లెక్కను తన జవాబులలో వాడుకొనుచున్నదనియు తేలినది. పాఠ్యపుస్తకము ముట్టక గైడు బట్టీపట్టిన విద్యార్థి తన కళాశాలలో నెగ్గి బయటి పరీక్షలో తప్పినట్లు, ఇట్టి యంత్రము పుట్టినచోట తొంబది మార్కులు తెచ్చుకొని పొరుగూరిలో తెల్లమొగము వేయును. కోవిడ్ మహమ్మారి దినములలో వెలువడిన 2,212 పరిశోధనములను వడపోసి, నిలిచిన 62 వ్యాసములను సాంగోపాంగముగ పరీక్షించిన కేంబ్రిడ్జి బృందము, అందు ఒక్కటియు రోగిదగ్గఱ వాడదగినది కాదని 2021లో నిర్ధారించినది. కొన్నిటిలో రోగముగల పెద్దల చిత్రములకు ప్రతిగా రోగములేని పసిపిల్లల చిత్రములను పెట్టిరి. పిల్లవాడెవడో పెద్దవాడెవడో నేర్చుకొని యంత్రము కోవిడ్ నిపుణుడైనది!

శరీరచలనమును కొలుచు విద్య వేఱొక త్రోవను వచ్చినది. 1880 దశకములో పారిసున ఎతియెన్ జూల్ మారే యను శరీరశాస్త్రజ్ఞుడు మనుష్యునకు నిలువెల్ల నల్లదుస్తులు తొడిగి, చేతులమీదను కాళ్లమీదను తెల్లని పట్టీలు కుట్టి, నల్లని గోడయెదుట నడిపించి, ఒకే పలకమీద వరుస ఛాయాచిత్రములు తీసెను. చిత్రములో మనిషి మాయమై, నడకయొక్క గీతలు మాత్రమే మిగిలెను. నేటి నడక ప్రయోగశాలలలో తుంటిమీద, మోకాటిమీద, చీలమండమీద మెఱయు గోళికలు అంటించి, చుట్టును కెమెరాలు నిలిపి, నేలలో బరువును కొలుచు పలకలు పాతి చేయుచున్నది తత్త్వమున అదియే. ఇందులకు కోటి రూపాయల స్థాయిలో వ్యయమగుటచే ఈ పరీక్ష గొప్ప ఆసుపత్రులకే పరిమితమైయుండెను. మెషీన్ లెర్నింగ్ తెచ్చిన మార్పు ఇచ్చట నిజముగ గొప్పది. గోళికలు లేని సామాన్య వీడియోలోనే కీళ్లు ఎచ్చటనున్నవో యంత్రము గుర్తించుచున్నది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున గిల్లెట్ బాలల ఆసుపత్రి భద్రపరచిన, సెరిబ్రల్ పాల్సీగల 1,026 మంది రోగుల 1,792 వీడియోలతో స్టాన్‌ఫర్డ్ బృందము 2020లో ప్రకటించిన పరిశోధనములో, ఒక్క కెమెరా దృశ్యమునుండియే నడక వేగము, మోకాటి వంపు మున్నగువానిని లెక్కగట్టుట సాధ్యమైనది. ఆ తరువాత రెండు ఫోనులతో కీళ్లపై పడు బలములను అంచనావేయు సాధనమును గూడ వారు నిర్మించిరి. జిల్లా ఆసుపత్రిలోని ఫిజియోథెరపిస్టు చేతికి ఇట్టి పరికరము చేరుట, మఱియొక ఎమ్మారై యంత్రము కొనుటకంటె మేలని నా యభిప్రాయము.

చిత్రమును, చలనమును కలిపి చూచినప్పుడు ఈ విద్యయొక్క సామర్థ్యమును, లోపమును ఒక్కచోటనే బయలుపడును. అట్టి చోటు మోకాలు. గుజ్జు అరిగినదని మన యిండ్లలో పెద్దవారు చెప్పుకొను వ్యాధిలో ఆ గుజ్జు, అనగా మృదులాస్థి, ఎక్స్‌రేలో కనబడనే కనబడదు. రోగిని నిలువబెట్టి తీసిన చిత్రములో తొడయెముకకు కాలియెముకకు నడుమ నల్లని సందొకటి గోచరించును. అది సన్నగిలినచో గుజ్జు అరిగెనని ఊహింతురు. అంచులలో ఎముక ముల్లువలె పెరిగెనా అని చూతురు. ఈ గుర్తులనుబట్టి 0 నుండి 4 వరకు అంకె వేయుదురు. ఈ కొలబద్దను 1957లో కెల్‌గ్రెన్, లారెన్సు అను బ్రిటిషు వైద్యులు తమ దేశపు శ్వేతజాతి ప్రజలను చూచి యేర్పరచిరి. శస్త్రచికిత్స అవసరమా కాదా అను నిర్ణయమునకు నేటికిని లోకమెల్ల దానినే ఆశ్రయించుచున్నది. అంకె రెండే యున్నను నొప్పితో అల్లాడువారు, అంకె నాలుగైనను మెట్లు చకచక ఎక్కువారు ఉందురని ప్రతి ఎముకల వైద్యునకు తెలియును. అమెరికాలో నల్లజాతివారు, బీదలు ఒకే అంకెగల తక్కినవారికంటె ఎక్కువ నొప్పిని చెప్పుదురు. కారణము మోకాటిలో లేదు, మనస్సులోనో సంసారపు కష్టములలోనో ఉన్నదని చిరకాలము నమ్ముచు వచ్చిరి.

2021లో ఎమ్మా పియర్సన్ అను పరిశోధకురాలును ఆమె సహచరులును ప్రకటించిన పరిశోధన ఈ నమ్మకమును కదలించినది. వారు యంత్రమునకు వైద్యుడు వేసిన అంకెను గాక, రోగి తాను చెప్పిన నొప్పిని పాఠముగ నేర్పిరి. చిత్రములు అవియే, ఎక్స్‌రేలే. పాత అంకె జాతులనడుమ గల నొప్పి వ్యత్యాసములో 9 శాతమును మాత్రమే వివరింపగా, ఈ యంత్రపు అంకె 43 శాతమును వివరించినది. అనగా ఆ బాధకు కారణమైన చిహ్నములు అఱువదేండ్లుగ వైద్యుల కన్నులయెదుటనే, అదే ఫిల్ములో ఉన్నవి. కొలబద్ద వానిని లెక్కింపలేదు. చదివింపబడిన చిత్రములలో భిన్నజాతుల వారు ఉండుటయు ఈ ఫలితమునకు ముఖ్యకారణమని వారు చూపిరి. వైద్యుని అనుకరించు యంత్రము వైద్యుని దోషములనుగూడ అనుకరించును. రోగి అనుభవముతో చదువుకొన్న యంత్రము వైద్యశాస్త్రమునకే క్రొత్త సంగతి చెప్పగలుగును. ఆ యంత్రము మోకాటిలో ఏ చిహ్నమును చూచి అట్లు చెప్పుచున్నదో స్పష్టముగ చూపలేకపోవుట దాని కొఱత. ఆ కొఱతను తక్కువగ నెంచరాదు.

ఆ పరిశోధనకు ఆధారమైన ఎక్స్‌రేలు అమెరికాలోని బాల్టిమోరు, కొలంబసు, పిట్స్‌బర్గు, పాటకెట్ నగరములలో కూర్చినవి. తెలుగునాట మోకాటి కథ వేఱు. ఫ్లోరైడు నీటివలన ఎముకలు చెడు ఫ్లోరోసిస్ అను వ్యాధి మనదేశమున మొదట గుర్తింపబడినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పేరు చెప్పిన నేటికిని ఆ వ్యాధియే స్ఫురించును. మోకాళ్లు లోపలికి ఒరిగి ఒకదాని కొకటి తగులు వైకల్యమును, దానితోకూడ ఎముకలు బలహీనపడుటను, ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతమునందు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించి 1973లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. ఇట్టి ఎముకను పిట్స్‌బర్గు చిత్రములతో పెరిగిన యంత్రము ఎన్నడును చూడలేదు. చూడనిదానిని 'తెలియదు' అని చెప్పు వినయము ఈ యంత్రములకు స్వభావసిద్ధముగ లేదు, తనకు తెలిసిన అంకెలలో ఒకటి వేసి ఊరకుండును.

చలనము విషయమున భేదము ఇంకను హెచ్చు. సమతలముమీద నడచుటకు మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగిన చాలును. గొంతుకూర్చుండుటకు 130 డిగ్రీలైనను వంగవలెను. బాసింపట్టు వేసికొని భోజనమునకు కూర్చుండుట, నాట్లలోను కలుపుతీతలోను గంటలకొలది వంగియుండుట మన కీళ్లకు నిత్యకృత్యములు. పాశ్చాత్యుల పరీక్షలలో అనేకములు కుర్చీనుండి లేచుటతో మొదలగును. కీళ్లనొప్పి తీవ్రతను కొలుచుటకు కెనడాలో పుట్టి లోకమంతట వాడబడు వోమాక్ అను ప్రశ్నావళిలో, కారెక్కుటలోను దిగుటలోను కష్టమా, సాక్సులు తొడుగుకొనుటలో కష్టమా అను ప్రశ్నలున్నవి. వీనిని దేవరకొండ కూలిస్త్రీ నడిగిన ఆమె యేమి చెప్పును? పుణె వైద్యులు ఈ ప్రశ్నావళిని భారతీయ జీవనమునకు తగినట్లు సవరించిరి. యంత్రములు మాత్రము మూలప్రతితోనే చదువుకొనుచున్నవి.

ఫోను అడుగులను లెక్కించు సమాచారమునకును ఇట్టి హద్దే కలదు. 111 దేశములలో 7,17,527 మంది ఫోనులనుండి కూర్చిన లెక్కలతో 2017లో నేచర్ పత్రికలో వెలువడిన వ్యాసము, హాంగ్‌కాంగ్ వాసులు దినమునకు సగటున 6,880 అడుగులు నడుతురనియు, భారతీయులు 4,297 మాత్రమే నడుతురనియు చెప్పినది. మనవారు సోమరులని పత్రికలు వెంటనే శీర్షికలు పెట్టినవి. ఆ భారతీయులు వ్యాయామపు యాప్ వేసికొన్న స్మార్ట్‌ఫోను యజమానులు. పొలములోనికి దిగు కూలి ఫోనును, ఉన్నచో, గట్టుమీద పెట్టి దిగును, దిగిన పిమ్మట వంగి చేయు పనిలో లెక్కకు వచ్చు అడుగులును కొద్దియే. ఆ వ్యాసమునందలి అమూల్యమైన సంగతి వేఱు: దేశపు సగటుకంటె, దేశములో ఎక్కువ నడచువారికి తక్కువ నడచువారికి గల అంతరమే స్థూలకాయమును బాగుగ సూచించును, ఆ అంతరము హెచ్చినచోట స్త్రీలే ఎక్కువ నష్టపడుదురు. శీర్షికలలో అది రాలేదు. బ్రిటనులో లక్షమందికి పైగా ముంజేతికి పరికరము కట్టుకొని వారముదినములు గడపిన యూకే బయోబ్యాంకు లెక్కలనుండి, పార్కిన్‌సన్ వ్యాధిని వైద్యులు నిర్ణయించుటకు ఏడేండ్లు ముందుగనే చలనములోని మాంద్యమును గుర్తింపవచ్చునని 2023లో కార్డిఫ్ బృందము చూపినది. అందును ఆహ్వానము పొందిన వారిలో చేరినవారు నూటికి ఆరుగురైనను లేరు, వారును సామాన్యులకంటె ఆరోగ్యవంతులు.

ఇంత చెప్పినమీదట, లోపములున్నవి గనుక యంత్రము వలదనువారితో నేను ఏకీభవింపను. వారి ప్రతిపక్షుల వాదము బలమైనది: రేడియాలజిస్టే లేని మండలమున అసంపూర్ణ యంత్రమును సంపూర్ణ వైద్యునితో పోల్చుట అన్యాయము, శూన్యముతో పోల్చవలెను. లోకములోని క్షయరోగులలో దాదాపు నాలుగవవంతు మనదేశమున నున్నారు. 15 ఏండ్లు దాటినవారి ఛాతీ ఎక్స్‌రేలను మానవునికి మారుగా కంప్యూటరు చదువవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో అంగీకరించినది. ఢాకా నగరమున సుమారు 24 వేలమందిపై జరిపి, అదే సంవత్సరము ప్రకటించిన పరీక్షలో, ముంబయికి చెందిన క్యూర్ సంస్థ సాధనముతో సహా ఐదు సాధనములును స్థానిక రేడియాలజిస్టులను మించినవి. ఆ పరీక్షయే, వృద్ధులయందును, పూర్వము క్షయ వచ్చి మానినవారియందును ఐదును తడబడినవని చెప్పినది. పాత మచ్చను క్రొత్త రోగమని భ్రమించుట వాని బలహీనత. క్షయ వచ్చి మానినవారు విస్తారముగ నున్న మన జిల్లాలలో, యంత్రము వేయు స్కోరు ఎంత దాటిన రోగియని అనుమానింపవలెనో ప్రాంతమునుబట్టి నిర్ణయించుకొనుట అవశ్యము. అమ్మకపు పెట్టెలో వచ్చిన అంకెతోనే పని నడపుట తగదు.

ఇతర దేశముల అనుభవము ఏకరీతిగ లేదు. స్వీడనులో ప్రతి రొమ్ము ఎక్స్‌రేను ఇద్దఱు వైద్యులు చదువుట ఆచారము. 80 వేలమంది స్త్రీలపై జరిగిన పరీక్షలో యంత్రము సాయపడుటవలన చదువు భారము 44 శాతము తగ్గి, వేయిమందికి 5.1 బదులు 6.1 కాన్సరులు కనబడినవి. అచ్చట క్రమబద్ధమైన పరీక్షావ్యవస్థ ముందే యున్నది, యంత్రము దానిమీద నెక్కినది. థాయిలాండులో మధుమేహ రోగుల కంటి చిత్రములు చదువు గూగుల్ యంత్రమును 11 ఆరోగ్యకేంద్రములలో పెట్టగా, నర్సులు మసకవెలుతురులో తీసిన చిత్రములలో ఐదింట ఒకదానికి పైగా యంత్రము త్రోసిపుచ్చినది. ఇంటర్నెట్ మందగించి రోగులు బారులు తీరిరి. ప్రయోగశాలలో దాని ఖ్యాతి అసాధారణము. మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు స్వీడనుకంటె థాయిలాండునకే దగ్గఱ. ఇందు మనకు మఱియొక లెక్కయు నున్నది. ఆ యంత్రపు 2016 నాటి తొలిపరిశోధనకు మదురై అరవింద, చెన్నై శంకర నేత్రాలయముల రోగుల చిత్రములు తోడ్పడినవి. మన కండ్లమీద చదువుకొన్న విద్యలో మన రోగులకు భాగమేమి యను ప్రశ్నకు ఏ ఒప్పందమునందును బహిరంగమైన సమాధానము కానరాదు.

చట్టముల విషయమున అమెరికా ఆహార ఔషధ సంస్థ అనుమతించిన కృత్రిమ మేధ వైద్యపరికరములు వేయి దాటినవి, అందు ముప్పాతికభాగము రేడియాలజీకి చెందినవి. పాత పరికరమును పోలియున్నదని చూపి అనుమతి పొందుట అచ్చట సామాన్యము. ఐరోపా యూనియన్ 2024 ఆగస్టునుండి అమలులోనికి తెచ్చిన చట్టము ఇట్టి వైద్యపరికరములను అధికప్రమాద వర్గమున చేర్చి, చదివించిన సమాచారముయొక్క గుణమును గూడ తయారీదారు చూపవలెనని విధించినది. మనదేశమున 2020నుండి వైద్యసాఫ్ట్‌వేరును గూడ పరికరముగ నెంచి ఔషధ నియంత్రణ సంస్థ అధీనమున నుంచిరి. 2023లో భారత వైద్యపరిశోధన మండలి నైతికసూత్రములను ప్రకటించినది, అవి ఉపదేశములు మాత్రమే. 2023నాటి వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము, 2011నాటి నిబంధనలలో నున్న 'సున్నిత సమాచారము' అను ప్రత్యేకవర్గమును విడిచినది. కావున రోగి ఎమ్మారైయు, దుకాణములో అతడిచ్చిన ఫోను నంబరును ఆ చట్టము కంటికి సమానములే. చలనమునకు వచ్చునప్పటికి ఈ లోపము పెద్దదగును. నడకనుబట్టి మనిషిని పోల్చుకొనుట సాధ్యము, పేరు తీసివేసినంతమాత్రమున నడక పేరులేనిది కాదు. ఏడేండ్లు ముందుగ పార్కిన్‌సన్ జాడ చూపగల చేతిగడియారపు లెక్కలు బీమా కంపెనీ చేతబడినచో, మందులేని జోస్యమునకు ప్రీమియము పెరుగుటయే ఫలమగును.

స్వంత కొలబద్ద చేసికొను శక్తి మనకు లేకపోలేదు. పాశ్చాత్యుల మెదడు నమూనాలతో పోల్చి మన రోగుల స్కానులను చదువుట తగదని, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు తిరువనంతపురము శ్రీచిత్ర సంస్థ తోడ్పాటుతో వందమంది ఆరోగ్యవంతుల చిత్రములనుండి భారతీయ మస్తిష్క అట్లాసును 2019లో నిర్మించిరి. భారతీయుల మెదడు పాశ్చాత్యులదానికంటె సగటున ఎత్తు, వెడల్పు, పరిమాణములలో చిన్నదని అందు తేలినది. మెదడునకు చేసినపని మోకాటికి, వెన్నెముకకు, నడకకు జరుగవలెను. ఇందులకు కోట్ల వ్యయముతో క్రొత్త కేంద్రమును తెఱువవలెనని నేను చెప్పబోను. ప్రతి క్రొత్త కేంద్రమునకును ముందు భవనము లేచును, పని తరువాత వచ్చును. ప్రభుత్వాసుపత్రికి యంత్రమును కొనునప్పుడు, అదే జిల్లా రోగులలో కొన్ని వందలమందిపై ముందుగ పరీక్షించి, స్త్రీపురుషులకు, వృద్ధులకు, ఫ్లోరోసిస్ గ్రామముల వారికి వేఱువేఱుగ ఫలితములు ప్రకటింపవలెనని టెండరులో ఒక్క షరతు చేర్చిన చాలును. అమ్మువారు తొలుత సణుగుదురు, తరువాత చేయుదురు.

ఇంకొక సంపద మన చేతిలోనే యున్నది. 2007లో ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైనప్పటినుండి, ముందస్తు అనుమతికై రోగి పరీక్షల చిత్రములను దానిని నడపు ట్రస్టునకు కంప్యూటరుద్వారా పంపు పద్ధతి రెండు తెలుగురాష్ట్రములలోను నడచుచున్నది. ఆంధ్రప్రదేశమున ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. బిల్లు చెల్లించుటకు కూడిన ఆ భాండారములో, చికిత్సకు ముందు ఎముక ఎట్లున్నదో చిత్రములు కలవు. చికిత్స తరువాత ఏడాదికి ఆ మనిషి ఎట్లున్నాడో తెలుపు సమాచారము లేదు. యంత్రమునకు నేర్పవలసిన పాఠము ఆ రెండవదే. కాలికి శస్త్రచికిత్స పొందినవారికి ఏడాది గడచిన పిమ్మట ఒకసారి ఫోను చేసి, నొప్పి ఎంత, నేలమీద కూర్చుండి చేయూతలేక లేవగలుగుచున్నారా, పనికి పోవుచున్నారా అని అడిగి, ఆ సమాధానమును రోగి అనుమతితో పాత ఎక్స్‌రే ప్రక్కన వ్రాసియుంచుటకు క్రొత్త చట్టమేదియు అక్కఱలేదు. ట్రస్టు ముఖ్యకార్యనిర్వహణాధికారి సంతకముతో వెలువడు ఒక సర్క్యులరు చాలును, ప్రశ్నలడుగుటకు ఆరోగ్యమిత్రలు ఇప్పటికే ప్రతి ఆసుపత్రిలోను ఉన్నారు.